ఎలుకలమందు పెట్టిన ఇంట పిల్లి – విషము తిన్నచో చేయవలసిన పనులు



ధాన్యము ఇల్లు చేరిన పిదప ఎలుకలు కూడ ఇల్లు చేరును. గాదె క్రింద, గోనెసంచుల చాటున, అటకమీద కాపురము పెట్టును. అప్పుడు రైతు రెండు ఉపాయములు చేయును. ఒకటి, ఎలుకలమందు తెచ్చి పెట్టును. రెండవది, పిల్లిని చేరదీయును. రెండును మంచి ఉపాయములే. కాని రెండింటిని ఒకే ఇంట ఒకే సమయమున సాగించునప్పుడు జాగ్రత్త అవసరము. మందు కలిపిన నూకలనో, మందు తిని తూలుచున్న ఎలుకనో పిల్లి తినవచ్చును. అట్లు జరిగిననాడు ఇంటివారు మొదటి పది నిమిషములలో చేయు పనిమీద దాని ప్రాణము ఆధారపడియుండును. ఆ పని ఎట్టిదో ఈ వ్యాసమునందు తెలిసికొందము.

ఇట్లు జరిగినదనుకొనుడు. సాయంకాలము పాలు పిదుకు వేళ రోజూ వచ్చి కాళ్లచుట్టు తిరుగు పిల్లి ఆనాడు రాలేదు. వెదకగా గడ్డివాము చాటున పడియున్నది. నోటివెంట చొంగ కారుచున్నది. ఇంటిలో నలుగురు నాలుగు మాటలందురు. “ఉప్పునీరు పోయుడి, కక్కివేయును” అని ఒకరు, “పాలు పట్టుడి, విషము విరిగిపోవును” అని ఒకరు, “నూనె త్రాగింపుడి” అని మరియొకరు. “పిల్లి తానే గడ్డి కొరికి కక్కుకొనును, దాని మానాన దానిని వదలివేయుడి” అని పెద్దవారు. ఈ నాలుగు మాటలును పనికిరావు. అడుగవలసిన మాట వేరు. అది ఏమి తిన్నది? ఎప్పుడు తిన్నది? ఎంత తిన్నది?

విషములన్నిటికి ఒకే చికిత్స లేదు. ఒక విషమునకు విరుగుడు సూదిమందు కలదు. మరియొక దానికి విరుగుడే లేదు. ఒకటి గంటలో చంపును, ఇంకొకటి వారము దినములు దాగియుండును. పిల్లి నోరు తెరచి చెప్పజాలదు గనుక ఈ మూడు ప్రశ్నలకు జవాబు మీరు తీసికొనిపోవలెను.

మొదటి పది నిమిషములు

1. పిల్లిని విషమునకు దూరము చేయుడు. మిగిలిన ఎర, చచ్చిన ఎలుక, ఒలికిన మందు దానికి గాని, కుక్కకు గాని, కోళ్లకు గాని, పిల్లలకు గాని అందకుండ చేయుడు. పిల్లి భయముతోను బాధతోను కరచును, గీరును. కావున మందపు తువ్వాలు కప్పి పట్టుకొనవలెను.

2. మందు పొట్లమును, సీసాను లేక డబ్బాను వెదకుడు. పైనున్న చీటితో సహా సంచిలో వేసికొనుడు. చీటి చినిగినను పారవేయవద్దు. చీటిమీద మందు పేరు, శాతము, విరుగుడు వ్రాసియుండును. పొట్లము దొరకనిచో మిగిలిన ఎరను కాగితములో చుట్టి తీసికొనుడు. పిల్లి కక్కియున్నచో దానిలో కొంత మూతగల సీసాలో పెట్టుడు. ఉత్త చేతులతో ముట్టరాదు. కక్కినదానికి ముఖము దగ్గర పెట్టి వాసన చూడరాదు.

3. వెంటనే పశువైద్యశాలకు ఫోను చేయుడు. సంచార పశువైద్య సేవకు 1962 నంబరు కలదు, దానికి రుసుము లేదు. పిల్లి తిన్నది, తిన్న వేళ, దాని సుమారు బరువు చెప్పి సలహా అడుగుడు. వాహనము వచ్చుట ఆలస్యమగునని తెలిసినచో దానికొరకు కూర్చుండక మీరే బయలుదేరుడు.

4. విషము వెండ్రుకలమీద పడినచో పిల్లి నాకి మ్రింగును. పిల్లి తెలివితో నున్నచో గోరువెచ్చని నీటితోను, గిన్నెలు తోము మెత్తని సబ్బునీటితోను కడిగి పొడి గుడ్డతో తుడువుడు. కడుగువారు చేతితొడుగులు వేసికొనవలెను. కిరోసిను, పెట్రోలుతో కడుగరాదు. పిల్లి కొట్టుకొనుచున్నచో కడుగుటకై కాలము పోగొట్టక తీసికొనిపోవుడు.

5. మూతగల గంపలో, గాలి ఆడునట్లు, అడుగున గుడ్డ పరచి ప్రక్కకు పరుండబెట్టి తీసికొనిపోవుడు. కోళ్లగంప దీనికి చక్కగా పనికివచ్చును. గోనెసంచిలో మూతి కట్టి తీసికొనిపోరాదు, ఊపిరి ఆడదు. దారిలో అన్నము, పాలు పెట్టరాదు.

చేయరాని పనులు

ఉప్పునీరు పోయరాదు. ఉప్పు ఎక్కువైనచో అదియే మరియొక విషమగును. గొంతులో వ్రేలు పెట్టరాదు. తెలివిలేని పిల్లి నోటిలో ఏమి పోసినను ఊపిరితిత్తులలోనికి పోవును. విషము చంపకమునుపే ఆ నీరు చంపవచ్చును. కుక్కలచేత కక్కించుటకు హైడ్రోజన్ పెరాక్సైడు వాడుదురని విని పిల్లులకు పోయరాదు. అది పిల్లి కడుపులోని పొరను పుండు చేయును. కిరోసిను, ఆమ్లము, కాస్టిక్ వంటివి త్రాగినప్పుడు కక్కించుట మరింత అపాయము. లోపలికి పోవునప్పుడు కాల్చినది బయటికి వచ్చునప్పుడు మరల కాల్చును.

పాలకు విషమును విరిచే శక్తి లేదు. నూనె కొన్ని విషములు ఒంటికి త్వరగా పట్టుటకు తోడ్పడును. కక్కించుట అవసరమైనచో పశువైద్యుడు సూదిమందు ఇచ్చి కక్కించును. అది తగునో తగదో నిర్ణయింపవలసినవాడు ఆయనయే.

ఏ విషము ఎట్లు పనిచేయును

జింకు ఫాస్ఫైడు: ఇది నలుపు కలిసిన బూడిదరంగు పొడి. పొలములలో ఎలుకలకు పెట్టునది ఇదియే. కడుపులోని ఆమ్లము తగిలినంతనే దీనినుండి ఫాస్ఫీను అను విషవాయువు పుట్టును. కడుపులో ఆహారమున్నచో ఆమ్లము ఎక్కువ ఊరును, వాయువు ఎక్కువ పుట్టును. అందుచేతనే ఏమియు తినిపింపరాదని చెప్పుచున్నాము. సాధారణముగా పావుగంట మొదలు నాలుగు గంటలలోపల గుణములు కనిపించును. పిల్లి నిలకడ లేక తిరుగును, కక్కును, ఆయాసపడును, నీరసించి తుదకు కొట్టుకొనును. దీనికి విరుగుడు మందు లేదు. త్వరగా వైద్యుని చేరి లక్షణములనుబట్టి చికిత్స పొందుటయే దారి. పిల్లి కక్కినప్పుడు ఆ వాయువు మనుష్యులకు కూడ హాని చేయును. తలుపులు, కిటికీలు తెరచి పిల్లలను దూరముగా పంపుడు. వెల్లుల్లి వాసన గాని, కుళ్లిన చేప వాసన గాని వచ్చినచో ఆ సంగతి వైద్యునికి చెప్పుడు. వాసన రాలేదని ధైర్యపడరాదు.

బ్రోమాడియోలోన్: ఇండ్లలోను పొలములలోను వాడు ఈ మందు రక్తము గడ్డకట్టకుండ చేయును. రక్తము గడ్డకట్టుటకు విటమిన్ కె కావలెను. ఈ మందు ఆ విటమిను మరల మరల ఉపయోగపడకుండ అడ్డుకొనును. ఒంటిలో ముందే యున్న సరకు రెండు మూడు దినములకు అయిపోవును. అంతవరకు పిల్లి ఆడును, తినును, ఏమియు కానట్లే తిరుగును. మూడు మొదలు ఏడు దినములలోపల నీరసము, చిగుళ్లు తెల్లబడుట, ఆయాసము, ముక్కునుండి గాని మలమునందు గాని రక్తము, చర్మము క్రింద నల్లని మచ్చలు కనిపించును. అప్పటికి ఒడ్డు దూరమగును. తిన్న దినముననే తీసికొనిపోయినచో చికిత్స సులభము. దీనికి విరుగుడు విటమిన్ కె1. దానిని మూడు నాలుగు వారములు ఇయ్యవలసి యుండును. పిల్లి బాగుపడినదని నడుమ మానివేయరాదు. మందు ముగిసిన రెండు దినములకు రక్తపరీక్ష చేయించుట మంచిది. విటమిన్ కె3 ఈ విషమునకు పనిచేయదు.

ఈ జాతి మందు పుట్టిన విధము రైతులకు తెలియదగినది. 1920 తరువాత అమెరికా ఉత్తరభాగమునను, కెనడాలోను బూజుపట్టిన తీపి క్లోవరు ఎండుగడ్డి తిన్న పశువులు రక్తము కారి చచ్చుచుండెను. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకడు మంచుతుఫానులో బయలుదేరి, చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తముతో నిండిన పాలక్యానును, ఆ పాడైన గడ్డిని విశ్వవిద్యాలయమునందలి కార్ల్ పాల్ లింక్ అను రసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు చేర్చెను. ఆ బృందము 1939లో గడ్డిలోని విషమును వేరుచేసెను. దానినుండి పుట్టిన వార్ఫారిన్ 1948లో ఎలుకలమందుగా బజారుకు వచ్చెను. బ్రోమాడియోలోన్ ఆ కుటుంబమునకు చెందినదే. ఆ రైతు ఉత్త చేతులతో పోయి “నా పశువు చచ్చినది” అని మాత్రమే చెప్పియున్నచో శాస్త్రజ్ఞుడు ఏమి చేయగలడు? అతడు పశువుతోపాటు అది తిన్న గడ్డిని కూడ తీసికొనిపోయెను. మీరు పిల్లితోపాటు మందు పొట్లమును తీసికొనిపోవుడనుట ఇందుకే.

పచ్చభాస్వరపు ముద్ద: ట్యూబులలో వచ్చు ఎలుకలముద్దలలో ఇది యుండును. తిన్న మొదట కక్కుట, కడుపునొప్పి కలుగును. తరువాత ఒకటి రెండు దినములు నెమ్మదించినట్లు తోచును. ఆ పిమ్మట కాలేయము చెడి కన్నులు, చిగుళ్లు పసుపెక్కును. దీనికిని విరుగుడు లేదు. చూపునకు పండ్లు తోము ముద్దవలె నుండుటచే పిల్లలు పొరపాటున నోట పెట్టుకొందురు. దీనిని ఇంటికి తేకుండుటయే క్షేమము.

పురుగుమందులు: క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ద్రవములును, కార్బోఫ్యూరాన్ గుళికలును ఒకే విధముగా నరములను పట్టును. చొంగ, కన్నీరు, విరేచనములు, కంటిపాప సూదిమొనవలె చిన్నదగుట, కండరములు అదురుట దీని గుణములు. వైద్యుడు అట్రోపిన్ సూదిమందు ఇచ్చును. మందు చల్లిన చేలో తిరిగివచ్చిన పిల్లి పాదములు నాకుకొన్నను ఈ విషము ఎక్కును. గుళికలను అన్నములో కలిపి ఎలుకలకు, ఊరకుక్కలకు పెట్టు దురలవాటు కొన్ని చోట్ల కలదు. ఆ అన్నమును మొదట ఎవరు తినునో పెట్టినవానికి తెలియదు. విషము పెట్టి జంతువును చంపుట భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను క్రింద ఐదేండ్లవరకు శిక్షింపదగిన నేరము.

పిడుదుల మందు: పశువులకు, కుక్కలకు పిడుదులు పోవుటకు వాడు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, పర్‌మెత్రిన్ మందులను పిల్లికి పూయరాదు. కుక్క ఓర్చుకొన్న పాలు పిల్లి ఓర్చుకొనదు. దాని కాలేయమునకు కొన్ని రసాయనములను విరిచివేయు శక్తి తక్కువ. చెవులు, చర్మము అదురుట మొదలై పిమ్మట ఒళ్లంతయు వణకును. పైన చెప్పినట్లు సబ్బునీటితో కడిగి వైద్యునియొద్దకు చేర్పవలెను.

మనము మ్రింగు మాత్ర: పిల్లి ఒళ్లు వెచ్చగా నున్నదని పారాసిటమాల్ మాత్ర అరగదీసి పోయువారు కలరు. ఇది జాలితో పెట్టు విషము. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే పిల్లిని చంపుటకు చాలును. చిగుళ్లు మట్టిరంగు తిరుగును, ముఖము, పాదములు వాచును, ఊపిరి బరువగును. దీనికి వైద్యులయొద్ద విరుగుడు కలదు గాని ఆలస్యము పనికిరాదు.

ట్రాక్టరు కూలెంటు: రేడియేటరులో పోయు కూలెంటులో ఇథిలీన్ గ్లైకాల్ అను తియ్యని ద్రవము ఉండును. నేలమీద ఒలికినదానిని పిల్లి నాకినచో మొదట త్రాగినవానివలె తూలును. కొన్ని గంటలకు తేరుకొన్నట్లుండును. తరువాత మూత్రపిండములు చెడును. పిల్లి విషయమున మూడు గంటలలోపల చికిత్స మొదలు కావలెను.

నెమ్మదించినట్లు కనబడుటను నమ్మరాదు

పైన చెప్పినవానిలో బ్రోమాడియోలోన్, పచ్చభాస్వరము, కూలెంటు ఈ మూడును ఒక మోసము చేయును. మొదట గాని నడుమ గాని పిల్లి బాగుగానే యున్నట్లు కనిపించును. ఇంటివారు “ఇంక భయము లేదు” అని ప్రయాణము మానుకొందురు. ఆ శాంతము విషము పోయినదనుటకు గుర్తు కాదు, అది లోపల పనిచేయుచున్న కాలము. పిల్లి విషము తినుట కన్నులార చూచినచో, దానికేమియు కాలేదని తోచినను ఆ గంటలోనే బయలుదేరుడు. గుణములు కనిపించువరకు ఆగుట కంటె పెద్ద పొరపాటు లేదు.

వైద్యుడు తిన్న వేళనుబట్టి కక్కించుటయో, విషమును పీల్చుకొను బొగ్గుపొడి పట్టుటయో, నరములోనికి సెలైను ఎక్కించుటయో చేయును. కొట్టుకొనుచున్నచో దానిని అణచు మందు ఇచ్చును. ఈ నిర్ణయములన్నియు మీరిచ్చు మూడు జవాబులమీద ఆధారపడియుండును. “ఏదో తిన్నది” అని చెప్పుటకును, “ఉదయము ఏడు గంటలకు, ఈ పొట్లములోనిది, గుప్పెడు” అని చెప్పుటకును ఎంతో తేడా కలదు. పొరపాటు మీదే యైనను దాచక చెప్పుడు. వైద్యునికి నిజము కావలెను.

ఇంటిలో బిడ్డ గాని, పెద్దలు గాని విషమును నోట పెట్టుకొన్నారను అనుమానము కలిగినచో వెంటనే 108కు ఫోను చేసి, అదే పొట్లముతో ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

అసలీ ఆపద రాకుండ

ఎలుకలమందు పెట్టుటయందు క్రమము పాటించిన ఇంట పిల్లికి అపాయము చాలవరకు తగ్గును.

జింకు ఫాస్ఫైడును ఇంటిలో వాడక పొలమునకే ఉంచుడు. నూకలు 960 గ్రాములు, నూనె 20 గ్రాములు, మందు 20 గ్రాములు కలిపినచో కిలో ఎర యగును. ముందు రెండు దినములు మందు లేని నూకలు పెట్టి ఎలుకలకు అలవాటు చేసి తరువాత మందెర పెట్టవలెను. బ్రోమాడియోలోన్ 0.25 శాతము పొడికి కూడ ఇదే పాలు సరిపోవును, దానికి ముందు అలవాటు చేయనక్కరలేదు. ఎరను ఆరుబయట, గాలివాలుకు ఎదురుగా నిలువక, కర్రతో కలుపుడు. వంటపాత్రలు వాడరాదు.

ముందుగా పొలములోని కలుగులన్నిటిని మట్టితో మూయుడు. మరునాడు తెరచియున్నవి మాత్రమే ఎలుకలున్న కలుగులు. ఎరను 10, 15 గ్రాముల చొప్పున కాగితపు పొట్లములు కట్టి ఆ కలుగులలోనికి లోతుగా త్రోసి మూయుడు. గట్లమీద చల్లరాదు. చల్లిన ఎర పిట్టలకు, కోళ్లకు, పిల్లులకు చేరును.

ఇంటిలో ఎలుకబోను మేలు. మందు తప్పనప్పుడు ఎలుక మాత్రమే దూరగల రంధ్రమున్న పెట్టెలో పెట్టి కదలకుండ కట్టుడు. ఎన్ని పొట్లములు ఎక్కడ పెట్టితిరో కాగితముమీద వ్రాసియుంచుకొని, పని ముగిసిన పిదప మిగిలినవానిని లెక్కపెట్టి తీసివేయుడు.

మందు పెట్టిన నాటినుండి పదునైదు దినములు ప్రతి ఉదయము చచ్చిన ఎలుకలను పారతో ఎత్తి లోతుగా పూడ్చుడు. ఒక్క ఎలుక తిన్నదానికంటె దినమునకొకటి చొప్పున వరుసగా తిన్న పిల్లికి అపాయము హెచ్చు. ఆ దినములలో పిల్లికి ఇంటనే కడుపునిండ తిండి పెట్టుడు. వీలైనచో రాత్రులు గదిలో ఉంచుడు.

మందులను తాళమున్న పెట్టెలో, చీటీతోనే ఉంచుడు. త్రాగునీటి సీసాలలో పోయరాదు. ఫోరేటు గుళికలను 2020 డిసెంబరు 31 నుండి నిషేధించినారు. పాత డబ్బా ఏదైనను మూల పడియున్నచో వాడక, వ్యవసాయాధికారికి చూపి సలహా పొందుడు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

ఏమి, ఎప్పుడు, ఎంత అను మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధము చేసికొనుడు.

పొట్లము, చీటి వెంట తీసికొనిపోవుడు.

ఉప్పు, పాలు, నూనె పోయకుడు. మీరుగా కక్కింపకుడు.

పిల్లి బాగున్నట్లు తోచినను ఆగకుడు.

పశువైద్యశాల ఫోను నంబరును, 1962ను గోడమీద పిల్లలకు కూడ కనిపించునట్లు వ్రాసియుంచుడు.

ఈ రాత్రి పండుకొనుటకు ముందు ఒక్క పని చేయుడు. ఇంటిలోను, కొట్టములోను ఎలుకలమందు ఎక్కడెక్కడ ఉన్నదో దీపము తీసికొని ఒకసారి చూచి రండు. మీకు గుర్తులేని పొట్లము ఒక్కటి కనబడినను ఆ నడక వృథా కాదు. మీరు మరచిన పొట్లమును పిల్లి మీకంటె ముందు కనుగొనగలదు.